ఉసిరి చెట్టు కింద వెలసిన రేవు

కార్తీక మాసంలో వనభోజనాలకు మనం వెతుక్కునేది ఉసిరి చెట్టు నీడ. ఆ చెట్టు పేరే పెట్టుకున్న ఊరొకటి బంగాళాఖాతానికి ఆవల ఉంది. మలయ్ భాషలో ఉసిరిని 'మెలక' అంటారు. మన 'ఆమలకం' ఆ మాటలో చెవికి తగులుతూనే ఉంటుంది. 1400 ప్రాంతంలో పరమేశ్వరుడనే రాజకుమారుడు రాజ్యం పోగొట్టుకుని, తలదాచుకునే చోటు కోసం తీరం వెంట తిరుగుతూ, వేటలో అలసి ఒక చెట్టుకు చేరగిలబడ్డాడట. ఎదురుగా అతని వేటకుక్కను ఒక మూషిక జింక కాలితో తన్ని నీళ్లలో పడేసిందట. ఇంత చిన్న ప్రాణికి ఇంత ధైర్యం ఇచ్చిన నేల మంచిదని అక్కడే ఊరు కట్టి, వెనకనున్న చెట్టు పేరే దానికి పెట్టాడని మలయ్ రాజుల చరిత్ర 'సెజారా మెలయు' చెబుతుంది. హరిహర బుక్కరాయల వేటకుక్కల మీద కుందేలు తిరగబడిన చోట విజయనగరం వెలసిందన్న కథ మనకు ఉగ్గుపాలతో తెలిసిందే. రెండు కథలూ ఒకే గూటి పక్షులు.

ఆ ఊరే మలేసియాలోని మలక్కా. 2008 జూలై 7న కెనడాలోని క్యుబెక్‌లో సమావేశమైన యునెస్కో ప్రపంచ వారసత్వ సంఘం మలక్కాకు, అదే జలసంధి మీద ఉత్తరాన పెనాంగ్ దీవిలో ఉన్న జార్జ్‌టౌన్‌కు కలిపి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. జార్జ్‌టౌన్‌లో 109 హెక్టార్లు, మలక్కాలో 45 హెక్టార్లు. మలక్కా వాటా మన లెక్కలో నూట పన్నెండు ఎకరాలకు మించదు. ఓ మోస్తరు ఊరచెరువు ఆయకట్టు అంత. అంత నేల మీద మలయ్ సుల్తానులు, బుడతకీచులనే పోర్చుగీసువాళ్లు, ఒలందాలనే డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఏలారు. చీనీయులు, గుజరాతీలు, మన తూర్పు తీరం వాళ్లు, జావా వాళ్లు, అరబ్బులు, ఆర్మేనియన్లు కాపురాలు పెట్టారు. జార్జ్‌టౌన్ కథ 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషు వర్తకుడు దిగడంతో మొదలవుతుంది. మలక్కా దానికంటే దాదాపు నాలుగు వందల ఏళ్లు పెద్దది. అందుకే నేను పెద్దదాని దగ్గరే ఆగుతున్నాను.

అసలు ఇక్కడే ఎందుకు? మలయ్ ద్వీపకల్పానికీ సుమత్రాకూ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్ల సన్నని నీటి దారి మలక్కా జలసంధి. తెరచాప ఓడకు గాలే దిక్కు. నైరుతి గాలి భారతదేశం వైపు నుంచి ఓడలను తూర్పుకు తోస్తుంది, ఈశాన్యపు గాలి చీనా ఓడలను కిందికి దింపుతుంది. రెండు గాలుల వాళ్లూ కలుసుకునేది ఇక్కడే. వచ్చిన గాలి తిరిగేదాకా నెలల తరబడి ఎదురుచూపు. ఆ నెలల్లో సరుకు దించుకోవడానికి గిడ్డంగి కావాలి, ఉండడానికి ఇల్లు కావాలి, మొక్కుకోవడానికి గుడో మసీదో కావాలి. కొందరికి పెళ్లాం కూడా కావలసి వచ్చింది. మలక్కా కలగూర సంసారం మొదలైంది ఆ ఎదురుచూపులోనే.

పరమేశ్వరుడు తెలివైనవాడు. ఉత్తరాన సయాం రాజ్యం మింగడానికి సిద్ధంగా ఉంది. అతడు చీనాలోని మింగ్ చక్రవర్తి అండ సంపాదించి, 1411లో స్వయంగా వెళ్లి దర్శనం చేసుకుని వచ్చాడు. నౌకాధిపతి జెంగ్ హె మహానౌకలు హిందూ మహాసముద్రం మీదికి వచ్చినప్పుడల్లా మలక్కాలో మజిలీ చేసేవి. ఆ తర్వాతి పాలకులు ఇస్లాం తీసుకున్నారు. దాంతో అరేబియా దాకా వర్తక బంధుత్వం కలిసింది.

ఇక రేవు నడిపిన తీరు చెప్పుకోవాలి. నలుగురు షాబందర్లు ఉండేవారు. షాబందర్ అంటే రేవు పెద్ద. గుజరాతీలకు ఒకరు. కెలింగులకు, బెంగాలీలకు, పెగూ వాళ్లకు, పాసాయి వాళ్లకు ఒకరు. జావా, మలుకు, బాందా దీవుల వాళ్లకు ఒకరు. చీనా, చంపా వాళ్లకు ఒకరు. ఓడ దిగినవాడు తన భాష తెలిసిన పెద్దమనిషి దగ్గరికే వెళ్లేవాడు. గిడ్డంగి చూపించడం, తగవు తీర్చడం, రాజు దగ్గరికి తీసుకెళ్లడం ఆయన పూచీ. పడమటి నుంచి వచ్చిన సరుకు మీద నూటికి ఆరు సుంకం. తూర్పు నుంచి వచ్చినవారు సుంకం బదులు కానుకలు సమర్పించేవారు. ధర కట్టే పద్ధతి ఇంకా ముచ్చటైనది. పది మంది, ఇరవై మంది వర్తకులు సరుకుగలవాడితో కలిసి కూర్చుని, మొత్తానికి ఒక ధర తేల్చి, పెట్టుబడిని బట్టి పంచుకునేవారు. గాలి తిరిగేలోగా వెళ్లిపోవలసిన ఓడవాడికి నెలల తరబడి బేరాలాడే బాధ తప్పేది.

ఇది చదివినప్పుడు నాకు మోటుపల్లి గుర్తొస్తుంది. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం తెలుగువాళ్లందరూ ఒక్కసారైనా చదవాలి. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారని, ఇక అలా జరగదని, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవారి సొత్తు వారికే చెందుతుందని ఆయన మాటిచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతుకు కుదించాడు. పరాయివాడికి భరోసా ఇస్తేనే రేవు బతుకుతుందన్న సంగతి, మలక్కా పుట్టడానికి నూట యాభై ఏళ్ల ముందే మన గడ్డ మీద రాతికెక్కింది.

మలక్కా ఎంత కలగలుపు ఊరో చెప్పినవాడు తోమే పిరెస్ అనే బుడతకీచు మందుల వర్తకుడు. 1512 నుంచి 1515 దాకా అక్కడే ఉండి, చూసిందీ విన్నదీ రాసిపెట్టాడు. ఆ రేవులో 84 భాషలు వినిపిస్తాయని ఆయన లెక్క. లెక్క అటూ ఇటూ అయినా, ఓడలు ఎక్కడెక్కడి నుంచి వచ్చేవో ఆయన ఇచ్చిన చిట్టా చూస్తే నమ్మాలనిపిస్తుంది. మలుకు దీవుల లవంగం, బాందా జాజికాయ, జాపత్రి అక్కడికి చేరేవి. వాటికి బదులుగా వెళ్లింది ముఖ్యంగా బట్ట. గుజరాతు బట్ట ఒకటి, మన తూర్పు తీరం బట్ట ఒకటి. మగ్గం మీద మన నేతగాడు నేసిన తానుతో ఎక్కడో బాందా దీవిలో జాజికాయ కొనేవారు. ఆ దీవుల వాళ్లకు కావలసిన రంగూ అంచూ తెలుసుకుని మరీ నేసేవారు. పులికాట్ రేవు నుంచి ఆ వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో ఈ తీరానికి ఏలిక శ్రీకృష్ణదేవరాయలు.

మన తీరం వాళ్లను అక్కడ కెలింగులనేవారు. ఆ మాటకు మూలం కళింగం. శ్రీకాకుళం జిల్లా కళింగపట్నంలో ఇంకా బతికున్న మాటే. కాలం గడిచేకొద్దీ ఆ పేరు కళింగాన్ని దాటి తూర్పు తీరం మొత్తానికి వ్యాపించింది. తమిళుడూ, తెలుగువాడూ అందులోనే. ఇప్పుడు మలేసియాలో ఎవరినైనా ఆ మాటతో పిలిస్తే తిట్టుకింద లెక్క, పిలవకూడదు. కానీ ఊరి పాత మసీదు పేరు నేటికీ కంపుంగ్ క్లింగ్ మసీదే. ఒకప్పుడు గౌరవంగా రేవు పెద్దల్ని సూచించిన మాట మనవాళ్లు తోటకూలీలుగా వెళ్లిన కాలంలో ఈసడింపుగా మారడం నాకు బాధ కలిగిస్తుంది.

1509లో కృష్ణరాయలు సింహాసనమెక్కాడు. అదే ఏడు సెప్టెంబరులో మొదటి బుడతకీచు ఓడలు మలక్కా రేవులో లంగరు వేశాయి. రెండేళ్లకు, 1511 ఆగస్టులో బుడతకీచు సేనాని అల్బుకెర్క్ ఊరిని ముట్టడించి పట్టుకున్నాడు. సుల్తాను మహమూద్ షా పారిపోయాడు. మసీదుల రాళ్లు, సుల్తానుల సమాధుల రాళ్లు ఊడబెరికి, ఆ రాళ్లతోనే 'ఎ ఫమోసా' అనే కోట కట్టారు. దోచిన సంపదను ఎత్తుకుని బయల్దేరిన 'ఫ్లోర్ ద లా మార్' ఓడ సుమత్రా దగ్గర మునిగిపోయింది. ఊరిని కొల్లగొట్టినవాడికి కూడా ఆ సొత్తు దక్కలేదు.

ఈ ఘట్టంలో నా మనసు పట్టుకునేది నీన చట్టు అనే కెలింగు వర్తకుడి కథ. ముట్టడికి ముందు ఖైదులో ఉన్న బుడతకీచులకు సాయపడ్డాడు, వాళ్లు గెలిచాక బెందహారా పదవి, అంటే మంత్రి పదవి పొందాడు. మూడేళ్లు తిరక్కుండానే, 1514లో ఆ పదవిని అతని నుంచి తీసి ఒక రాజవంశీకుడికి ఇచ్చారు. ఆ అవమానం భరించలేక చందనపు చితి పేర్పించుకుని అందులో దూకాడు. ద్రోహి అనవచ్చు. వ్యాపారం దెబ్బతినకుండా చూసుకున్న తెలివైనవాడనీ అనవచ్చు. ఏ కోట మీద ఏ జెండా ఎగిరినా రేవు మాత్రం నడవాలని కోరుకునే వర్తక జాతికి అతడు ప్రతినిధి అని నేననుకుంటాను. చితి మాత్రం రాజుల రాజకీయంలో వర్తకుడు చెల్లించిన సుంకం.

బుడతకీచులు 130 ఏళ్లు ఏలారు. 1641 జనవరిలో జొహోర్ సుల్తాను సాయంతో ఒలందాలు కోటను గెలుచుకున్నారు. వాళ్లకు బతావియా, నేటి జకార్తా, అసలు రాజధాని. మలక్కా వర్తకాన్ని అటు మళ్లించారు. ఊరు నెమ్మదించింది. ఆ నెమ్మదిలోనే ఎర్రటి స్తధేస్ భవనం, 1753లో పూర్తయిన క్రైస్ట్ చర్చి కట్టారు. చర్చి పైకప్పు దూలాలు ఒక్కొక్కటి ఒకే మాను నుంచి కోసినవి, 48 అడుగుల పొడవు, మధ్యలో ఎక్కడా అతుకు లేదు. తల పైకెత్తి చూస్తే అడవిలో ఆ మాను ఎంత ఎత్తున ఉండేదో ఊహకందుతుంది.

ఒలందాలు మనకు కొత్తవాళ్లు కారు. బందరులో వలందపాలెం వాళ్లదే. పక్కనే ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ల పరాసుపేట. 'బందర్' అన్న పారశీక మాట అటు మలయ్ భాషకు, ఇటు తెలుగుకు ఒకే సముద్రం మీద నడిచి వచ్చింది. మలక్కాలో బందర్ హిలిర్, ఇక్కడ మన బందరు. ఆ బందర్ హిలిర్ మైదానంలోనే 1956 ఫిబ్రవరి 20న మలయా నాయకుడు తుంకు అబ్దుల్ రహమాన్ తమ దేశానికి స్వాతంత్య్రం వచ్చే తేదీని ప్రకటించారు. బందరులోనూ ఒలందా సమాధులున్నాయి, రాయి చెక్కిన నేర్పు మలక్కా సమాధులకు ఏమాత్రం తీసిపోదు. అక్కడ ఒక్కో సమాధి రాయి ముందు నిలబడి పర్యాటకులు పేర్లు చదువుకుంటారు. ఇక్కడ దారిన పోయేవాళ్లలో ఎంతమంది ఆగుతున్నారు?

1795లో ఇంగ్లీషువాళ్లు దిగారు. 1807లో మలక్కా చరిత్రలోకెల్లా పెద్ద పాపం జరిగింది. కోట మళ్లీ ఒలందాల చేతికి పోతే పెనాంగ్‌కు పోటీ అవుతుందని, ఎ ఫమోసాను పడగొట్టమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. గడ్డపారలకు లొంగని గోడలకు ఊరి ఇంగ్లీషు అధికారి విలియం ఫర్కార్ మందుగుండు పెట్టించాడు. ఆ పేలుళ్లు చూసిన కుర్రాళ్లలో ఒకడు పెద్దయ్యాక మలయ్ గద్యానికి ఆద్యుడైన మున్షీ అబ్దుల్లా. తమిళ, అరబ్బు రక్తం కలిసిన మలక్కా బిడ్డ. రాళ్లు గాలిలోకి లేచిన ఆ దృశ్యాన్ని, కోట పోయాక ఊరి అందమంతా పోయిన తీరును ఆయన స్వీయచరిత్రలో రాశాడు. ఊరినే ఖాళీ చేయించాలన్న ఆలోచనను ఇంగ్లీషు కంపెనీ అధికారి రాఫెల్స్ నివేదిక ఆపింది. చివరికి మిగిలింది ఒక్క ద్వారం, పోర్తా ద సాంతియాగో. దగ్గరికి వెళ్లి పైకి చూడండి: బుడతకీచులు కట్టిన ద్వారం నెత్తిన ఒలందా కంపెనీ ముద్ర, కింద 1670 అని అంకెలు. ఒకడి ఇంటికి ఇంకొకడు పెట్టుకున్న నామఫలకం.

1819లో సింగపూరు పుట్టాక వర్తకమంతా అటు పోయింది. రేవు పూడిపోయింది. ఆ పేదరికమే పాత ఊరిని కాపాడింది. డబ్బున్న ఊళ్లలో పాత ఇళ్లు కూలిపోయి అంతస్తులు లేచాయి, మలక్కాలో కూల్చే స్తోమత ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు ఆ ఊరి గుండెలోకి, మూడు గుళ్ల వీధిలోకి వెళ్దాం. అయిదు నిమిషాల నడకలో పదిహేడో శతాబ్దపు చెంగ్ హూన్ తెంగ్ చీనా ఆలయం, 1748లో మొదట కట్టిన కంపుంగ్ క్లింగ్ మసీదు, 1781 నాటి శ్రీ పొయ్యాత వినాయగర్ కోవెల వరసగా వస్తాయి. మసీదు ముందు కాస్త ఆగాలి. గుమ్మటం లేదు, జావా మండువాలా మూడంచెల పెంకుటి కప్పు. మీనారు చీనా పగోడా. లోపల గ్రీకు తరహా స్తంభాలు, ఐరోపా నుంచి వచ్చిన మెరుగు పలకలు, విక్టోరియా రాణి కాలపు గాజు షాండ్లియర్. ఇమామ్ నిలబడే చెక్క వేదిక మీది చెక్కుడు పనిలో హిందూ, చీనా కళ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటుంది. కట్టినవాళ్లెవరూ మతసామరస్యం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఊళ్లో దొరికిన మేస్త్రీలు, ఊళ్లో దొరికిన వడ్రంగులు, తమకు వచ్చిన పని చేసిపోయారు. యునెస్కో గుర్తించింది కోటగోడల్ని కాదు, ఈ పనితనం వెనకున్న ఇరుగుపొరుగును అని నా గట్టి నమ్మకం.

చీనీయులు ఇక్కడి ఆడవాళ్లను చేసుకుంటే బాబా న్యోన్యా కుటుంబాలు పుట్టాయి. పూర్వీకుల పూజ చీనాది, ఇంట్లో మాట మలయ్. హీరెన్ వీధిలో వాళ్ల ఇళ్లు ముందు సన్నగా, లోపలికి సొరంగంలా పోతాయి, మధ్యలో మన మండువా లోగిలిలా ఆకాశం కనిపించే చదరం. బుడతకీచు సంతతివాళ్లు క్రిస్తాంగ్ అనే తమ పలుకు ఇంకా నిలుపుకున్నారు. చిన్న రొయ్యపొట్టును వలతో తోసి పట్టడం వాళ్ల పెద్దల వృత్తి. ఏటా జూన్ 29న సెయింట్ పీటర్ పండుగకు పడవలు అలంకరిస్తారు.

గుర్తింపు వచ్చాక అంతా బాగుందని చెప్పలేను. 2000 సంవత్సరం మొదలవుతూనే అద్దె నియంత్రణ చట్టం రద్దయి, తరతరాలుగా ఆ ఇళ్లలో ఉన్న చిన్న వృత్తులవాళ్లు అద్దెలు కట్టలేక వెళ్లిపోయారు. గుర్తింపు ఆ అద్దెల్ని ఇంకా పెంచింది. కంసాలి వీధి, కమ్మరి వీధి పేర్లు మాత్రం గోడల మీద ఉన్నాయి. సముద్రాన్ని పూడ్చి నేల చేయడంతో కోట ద్వారం ముందున్న అలలు చాలా దూరం జరిగాయి, క్రిస్తాంగ్ జాలర్ల వేట దెబ్బతింది. కానీ జనం పోరాడి నిలుపుకున్నవీ ఉన్నాయి. 1984లో పన్నెండు వేల పైచిలుకు చీనా సమాధులున్న బుకిత్ చినా గుట్టను తవ్వి కట్టడాలు లేపాలన్న ప్రతిపాదనను జనం అడ్డుకున్నారు. 2006లో తిరిగే గోపురం కోసం పునాది తవ్వుతుంటే పాత కోట బురుజు బయటపడింది. పని ఆపి, గోపురాన్ని వేరే చోటికి మార్చారు. 110 మీటర్ల గోపురానికి చోటు మార్చడం తేలిక, బురుజుకు కాదు. ఆ నిర్ణయానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

మన రేవులకు ఆ భాగ్యం రాలేదు. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు తెలుగువాళ్లం పండుగ చేసుకున్నాం. బందరు, భీమిలి, మోటుపల్లి కూడా అలాంటి శ్రద్ధకు తగినవే.

మలక్కా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కౌలాలంపూరు నుంచి బస్సులో రెండు గంటలే. ఎర్రభవనం ముందు ఫొటో దిగి, జోంకర్ వీధిలో కొనుగోళ్లు చేసి వెనక్కి రాకండి. కాస్త దూరంలో గాజా బెరాంగ్ ఉంది. పాత కెలింగు వర్తకుల వారసులు, మలక్కా చిట్టీలు, అక్కడ ఉంటారు. పూర్వీకుల భాష పోయి చాలా తరాలైంది. ఇంట్లో మాట్లాడేది మలయ్, కట్టేది సరోంగు. కానీ వినాయకుడినీ మారియమ్మనూ వదల్లేదు. సంక్రాంతి ముందు రోజు భోగి నాడు, మనం పెద్దలకు పెట్టుకున్నట్టే, ఇంట్లో అరటాకులు పరిచి గతించినవారికి వడ్డిస్తారు. దాన్ని 'భోగి పర్చు' అంటారు. వాళ్ల చిన్న మ్యూజియం కూడా ఆ పేటలోనే ఉంది. వీలైతే జనవరిలో వెళ్లండి.